మొదటి పుస్తకం, నోటి కౌలు

తెలుగులో మొదటి పుస్తకం అచ్చయిన ఎవరినైనా మూడు ప్రశ్నలు అడిగి చూడండి. పుస్తకం ఎవరు వేశారు? వెంటనే పబ్లిషర్ పేరు చెప్తారు, గొంతులో కాస్త గర్వం కూడా ఉంటుంది. డబ్బులెవరు పెట్టారు? ఇక్కడ ఓ నవ్వు నవ్వి, "అదేముందిలెండి, అందరూ చేసేదేగా" అంటారు. మూడోది, కాగితమ్మీద ఏమన్నా రాసుకున్నారా? దీనికి జవాబు రాదు. పెళ్లివారింట్లో కట్నానికి రసీదు అడిగినవాణ్ని చూసినట్టు చూస్తారు.

అసలు తిరకాసు మన మాటలోనే ఉంది. "వాడి పుస్తకం వేశారు" అనడం తక్కువ, "వాడు పుస్తకం వేసుకున్నాడు" అనడం ఎక్కువ. చొక్కా వేసుకున్నట్టు, టీ కాచుకున్నట్టు. ఎవరి పని వాళ్లు చేసుకున్నప్పుడు వాడే క్రియ అది. మన వాడుక నిజమే చెప్తోంది. దాచిపెట్టేది పుస్తకం రెండో పేజీ, 'ప్రచురణ' అన్న మాట పక్కనున్న పేరు.

ఈ వ్యాసంలో నేననేది ఒక్కటే. పబ్లిషర్ "సరే, వేద్దాం" అన్న రోజు నుంచి పుస్తకం చేతికొచ్చే రోజు దాకా కొత్త రచయిత నడిచే దారికి కనీసం ఒక్క పేజీ రాతకోత ఉండాలి. అది ఇవ్వనివాళ్లకి రాతప్రతి ఇవ్వకూడదు. "ఇప్పుడవన్నీ ఎందుకు, ముందు పుస్తకం రానీ" అని సర్దిచెప్పే పెద్దల మాట వినకూడదు.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. రాజమండ్రిలో పెరిగి, కాకినాడలో ఇంజినీరింగ్ వెలగబెట్టి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఖాళీ దొరికినప్పుడు సమీక్షలు రాస్తాను, అందులోనూ కొత్తవాళ్ల మొదటి పుస్తకాల మీద. ఉద్యోగంలో అలవాటైన పద్ధతి ఒకటుంది. ఏదన్నా చెడితే ఎవరు చెడగొట్టారని ముందు అడగం, ఏ మెట్టు దగ్గర చెడిందో చూస్తాం. తెలిసిన కొత్త రచయితల్ని కూడా అలాగే అడుగుతూ వచ్చాను: ఒప్పుకున్నది ఎప్పుడు, డీటీపీ ఎప్పుడు, ప్రూఫు ఎవరు చూశారు, లెక్క ఎప్పుడు చెప్పారు? ఊళ్లు మారాయి, పేర్లు మారాయి, కథ పెద్దగా మారలేదు. అందులో ఒకటి చెప్తాను.

నా స్నేహితుడొకాయన కోనసీమలో లెక్కల మాస్టారు. కథలు రాస్తారు. 2021 సంక్రాంతి రోజుల్లో ఒక ప్రచురణ సంస్థ ఆయన పదకొండు కథల్ని సంపుటిగా వేస్తానంది. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇది ఒక్క సంస్థ కథ కాదు. "మరి షరతుల సంగతి ఎలాగండీ?" అని ఈయన మొహమాటపడుతూ అడిగితే అవతల్నుంచి వచ్చిన జవాబు ఇది: "మాస్టారూ, సాహిత్యంలో మన మధ్య కాగితాలేంటండీ? మీ పుస్తకం మా పుస్తకం కాదా?" ఆ మాటకి మాస్టారు కరిగిపోయారు. వారం తిరక్కుండా మళ్లీ ఫోను. పేపరు రేట్లు పెరిగిపోయాయి, సగం మీరు సర్దితే బావుంటుంది. ఇరవై ఐదు వేలు పంపారు. ఆ తర్వాత ఇంకో ఇరవై. ఆ రెండో విడతలో ఐఎస్‌బీఎన్ ఛార్జీ కింద మూడు వేలు ఉంది. మన దేశంలో ఐఎస్‌బీఎన్ నంబరు రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, ఉచితంగా ఇస్తుంది. ఆ సంగతి ఆ ఏజెన్సీ సైట్లోనే ఉంటుంది. మాస్టారికి అక్కడ చూడాలని చెప్పినవాళ్లు లేరు.

తర్వాత డీటీపీ. ఇక్కడ నా వృత్తి కాస్త పనికొస్తుంది. మాస్టారు కథలు యూనికోడ్‌లో టైపు చేశారు, ఇప్పుడు ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ మనమంతా రాస్తున్నది అదే. మన డీటీపీ సెంటర్లు చాలావాటిలో ఇప్పటికీ నడుస్తున్నది పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం అక్షరంగా ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన గళ్లల్లో తలకట్టొక చోట, వత్తొక చోట, కొమ్మొక చోట ముక్కలుగా కూర్చుంటాయి. యూనికోడ్ నుంచి అందులోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు జారిపోతాయి, కొన్ని గుణింతాలు పక్క అక్షరానికి అతుక్కుంటాయి. అంటే రచయిత ఒకసారి సరిచూసి పంపిన రాతప్రతి మళ్లీ మొదట్నుంచీ తప్పుల తడక అవుతుంది. ఆ తప్పులు ఎవరు దిద్దాలి? రచయితే. ఎన్నిసార్లు? ఎవరికీ తెలీదు. మా ఆఫీసులో ఒక్క లైను మారినా ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో రికార్డు ఉంటుంది. మాస్టారి దగ్గర చివరికి ఏడు పీడీఎఫ్‌లు పోగయ్యాయి, మూడిటి పేర్లలో 'ఫైనల్' అని ఉంది.

అచ్చుతప్పులు ఒక ఎత్తు, దిద్దుబాట్లు ఇంకో ఎత్తు. మాస్టారి కథల్లో ఒక ముసలమ్మ "సెప్తన్నాను కదేటి" అంటుంది. డీటీపీ చేసినాయన అది తప్పనుకుని "చెప్తున్నాను కదా" అని మార్చేశాడు. పాపం ఆయనేదో సాయం చేశాననే అనుకున్నాడు. పదకొండు కథల్లో అలాంటివి ఎన్నో. ఆ ముసలమ్మ లంకల్లోంచి లేచొచ్చి టీవీ వార్తలు చదివే మనిషిలా మాట్లాడింది. ఎడిటర్ అనే మనిషి ఆ దారిలో ఎక్కడన్నా ఉండుంటే "ఈ యాస ముట్టుకోవద్దు" అని ఒక చీటీ రాసి పెట్టేవాడు. ఆ చీటీ రాయడానికి ఎవరూ లేరు. మాస్టారు కొన్ని పట్టుకున్నారు, కొన్ని అలాగే అచ్చయ్యాయి.

ఆపైన ముందుమాట. ఒక పెద్దాయన రాస్తానన్నారు. తెలుగులో పుస్తకానికి ముందుమాట అంటే కొత్త కోడలి తల మీద పెద్దముత్తైదువ అక్షింతలు. అవి పడకుండా లోపలికి రానివ్వరు. ఎనిమిది నెలలు గడిచాయి. అడగడానికి మాస్టారికి మొహమాటం, గుర్తుచేయడానికి పబ్లిషర్‌కి తీరిక లేదు. చివరికి వచ్చిన రెండు పేజీల ముందుమాటలో మూడు కథల పేర్లు తప్పున్నాయి. 2023 నవంబరులో పుస్తకం వచ్చింది. ఒప్పుకున్న రోజు నుంచి 34 నెలలు.

ఈ ఆలస్యం వల్ల ఏం కొంపలు మునిగాయి, సాహిత్యం తొందరపడేది కాదు కదా అంటారు. మాస్టారి విషయంలో ఏం జరిగిందో చూడండి. సాహిత్య అకాడెమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది, 35 ఏళ్లు దాటనివాళ్లకి. మొదటి పుస్తకాలకి ఆ తలుపు తెరిచే ఉంటుంది. 2020లో తెలుగులో అది వచ్చింది మానస ఎండ్లూరి 'మిళింద' కథల సంపుటికి. మాస్టారి పుస్తకం వేస్తామన్నప్పుడు ఆయనకి 33 నిండాయి, పుస్తకం వచ్చేసరికి 36. అవార్డు వచ్చేసేదని నేననడం లేదు. పరీక్ష రాసే హక్కే పోయింది, అదీ ఆయన తప్పు ఒక్కటీ లేకుండా.

పుస్తకం వచ్చిన తర్వాతి సంగతి ఇంకా ఘోరం. 2024లో ఒక అనువాదకురాలు అందులో రెండు కథలు ఇంగ్లీషులోకి చేస్తాను, ఒక సంకలనం కోసం అనుమతి కావాలి అని రాశారు. మాస్టారు మర్యాదకి పబ్లిషర్‌ని అడిగారు. "హక్కులు మా దగ్గరున్నాయి కదా మాస్టారూ, మేం మాట్లాడతాం" అన్నారు. నాలుగు నెలలు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. సంకలనం ఆయన కథలు లేకుండానే వెళ్లిపోయింది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టం, 19వ సెక్షన్. హక్కుదారు సంతకం పెట్టిన రాత లేకుండా కాపీరైట్ బదిలీ చెల్లదు. ఆ రాతలో ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో అన్నవి ఉండాలి. రాయల్టీ ఎంతో కూడా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు మాత్రమే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇంకోటుంది, కొత్త రచయితలంతా దీన్ని గోడ మీద రాసిపెట్టుకోవాలి: హక్కు తీసుకున్నవాడు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, కాగితంలో వేరేలా రాసుకుని ఉంటే తప్ప, ఆ బదిలీ రద్దయినట్టే లెక్క. పుస్తకం వేసే హక్కు తీసుకుని ఏడాది కూర్చుంటే హక్కు దానంతటదే వెనక్కి వచ్చేస్తుందని అర్థం. లైసెన్సు ఇచ్చినా తగిన మార్పులతో ఇవే నియమాలు. ఇది కోర్టుపక్షులకి మాత్రమే తెలిసే రహస్యం కాదు, నెట్లో ఉచితంగా దొరికే అరపేజీ.

అంటే "హక్కులు మా దగ్గరున్నాయి" అన్న మాట కింద ఏ ఆధారమూ లేదు. మాస్టారు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు కాబట్టి హక్కులన్నీ మొదట్నుంచీ ఆయనవే. ఆ అనువాదకురాలికి ఒక్క ఈమెయిల్లో "చేసుకోండమ్మా" అని రాస్తే సరిపోయేది. రాయలేకపోయారు, ఎందుకంటే మూడేళ్లుగా ఆ సంబంధం ఆయనకి నేర్పింది తనేదో ఉపకారం పొందుతున్నానన్న భావం. మరి నోటిమాట రచయితకే మంచిది కదా, కాగితం ఎందుకు అని మీరు అడగొచ్చు. హక్కు ఉండటం వేరు, అడగ్గలగటం వేరు. ఎప్పటికి వేస్తారు? ఎన్ని కాపీలు వేశారు? ఎన్ని అమ్మారు? నా డబ్బులో ఎంత దేనికి ఖర్చయింది? వీటిల్లో ఒక్కటి గట్టిగా అడగడానికి కూడా ఆయన చేతిలో ఏమీ లేదు.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ కథ కొత్త కాదు. మా వైపు వరి చేలు చాలావరకు కౌలుదార్ల చేతుల మీదే పండుతాయి, కౌలు ఎక్కువగా నోటిమాట. కాగితం లేని కౌలుదారుకి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. తుఫానొచ్చి చేను పడిపోతే పరిహారం పట్టాదారు పేరు చూసుకుని వెళ్తుంది, నష్టం మాత్రం పండించినవాడి ఇంటికే వస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. 11 నెలలకి ఒక కార్డు, దానివల్ల యజమాని భూమి హక్కుకి ఏ నష్టమూ లేదని చట్టంలోనే భరోసా. అయినా సంతకం పెట్టమంటే ఆసాములు వెనకాడారు. "ఇన్నేళ్లు నమ్మకమ్మీద నడవలేదా ఏంటి?" అన్నదే వాళ్ల మాట. నమ్మకం అన్న మాట ఎప్పుడూ బలమున్నవాడి నోట్లోంచే వస్తుంది, గమనించండి.

పుస్తకాల దగ్గర ఇది ఇంకా విడ్డూరం. పొలంలో కనీసం భూమి ఆసామిది. పుస్తకంలో భూమి కూడా రచయితదే, చట్టప్రకారం. విత్తనం ఆయనదే, చాకిరీ ఆయనదే, పెట్టుబడీ ఆయనదే. అయినా చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడ్డది ఆయనే. సొంత పొలానికి తనే కౌలు కట్టుకుంటున్న ఆసామిని మీరెక్కడన్నా చూశారా? తెలుగులో కొత్త రచయితని చూడండి.

"మన సంప్రదాయంలో ఈ కాగితాల గొడవ లేదు" అనేవాళ్ల కోసం కొంచెం పాత సంగతులు. తెలుగులో ఆదికావ్యం పుట్టింది మా రాజమండ్రిలోనే. భారత రచనలో తనకి తోడు నిలిచాడని నన్నయ చెప్పుకున్న నారాయణభట్టుకి రాజరాజ నరేంద్రుడు నందంపూడి అగ్రహారం ఇచ్చాడు. ఆ నందంపూడి కోనసీమలోనే ఉంది. దానం నోటిమాటగా పోలేదు, రాగిరేకుల మీదకెక్కింది. 1053 నాటి ఆ శాసనాన్ని రచించింది కూడా నన్నయే అంటారు. అది రాయల్టీ అగ్రిమెంటు కాదని నాకూ తెలుసు. కానీ వెయ్యేళ్ల కిందట రాజుకీ కవికీ మధ్య కూడా ఇచ్చిందేదో రాసి ఇచ్చే పద్ధతి ఉంది. అప్పట్లో కృతి పుచ్చుకున్నవాడు కవికి ఇచ్చేవాడు. ఇప్పుడు కవే ఇచ్చుకుంటున్నాడు, రసీదు కూడా లేకుండా.

దగ్గరి కాలానికి రండి. 1890లలో న్యాపతి సుబ్బారావు రాజమండ్రి నుంచి 'చింతామణి' పత్రిక నడిపారు, కందుకూరి వీరేశలింగం దానికి సంపాదకుడు. ఆ పత్రిక నవలల పోటీలు పెట్టింది. చిన్నప్పట్నుంచీ చూపు సరిగా లేని చిలకమర్తి లక్ష్మీనరసింహం తన మొదటి నవల 'రామచంద్ర విజయం' ఆ పోటీకి పంపారు, 1894లో మొదటి బహుమతి వచ్చింది. పోటీ అంటే ఏంటి? ఒక గడువు, ఒక బహుమతి, చదివి తీర్పు చెప్పే ఒక మనిషి, అచ్చు వేసే ఒక చోటు, ఇవన్నీ ముందే చెప్పి పిలవడం. కరెంటు లేని ఊళ్లో కొత్త నవలాకారుడికి దొరికిన ఆ మాత్రం స్పష్టత, ఫోన్‌పేలో డబ్బులు పంపే కాలంలో మా మాస్టారికి దొరకలేదు.

వీరేశలింగం సంగతి ఇంకో రకం. 'రాజశేఖర చరిత్ర' 1878లో ఆయన సొంత పత్రిక 'వివేకవర్ధని'లో మొదలై 1880లో పుస్తకమైంది. పత్రిక ఆయనదే, రాజమండ్రిలో అచ్చుకూటమూ ఆయన పెట్టించిందే. అంటే సొంతంగా వేసుకోవడం మన దగ్గర సిగ్గుపడాల్సిన పని ఎప్పుడూ కాదు, మన నవల మొదలైందే అలా. నా గొడవ సొంత డబ్బుతో వేసుకోవడం మీద కాదు. సొంత డబ్బుతో వేసుకున్నదాన్ని ఇంకొకరు వేసినట్టు చూపించడం మీద. ఆ రెండిటి మధ్య తేడా చెరిగిపోబట్టే రచయిత డబ్బిచ్చి కూడా ఋణపడినట్టు బతుకుతున్నాడు.

పబ్లిషర్ల వైపు నుంచి కూడా మాట్లాడాలి. తెలుగులో చిన్న ప్రచురణ సంస్థ నడపడమంటే చేతులు కాల్చుకోవడమే, కాదనను. అమ్మిపెట్టేవాళ్లకి భారీ కమీషను ఇవ్వాలి, డబ్బులు నెలల తర్వాత వస్తాయి. ఊళ్లల్లో పుస్తకాల షాపులు గైడ్లూ స్టడీ మెటీరియలూ అమ్ముకుని బతుకుతున్నాయి. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు మన దగ్గర లైబ్రరీ సెస్సు వసూలు చేస్తారు. ఆ సెస్సు మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థలకి బకాయి పడ్డాయన్న వార్త ఏటా ఏదో ఒక జిల్లా పేజీలో ఉంటుంది. జె. కె. రౌలింగ్ మొదటి హ్యారీ పాటర్ పుస్తకాన్ని 1997లో లండన్‌లో బ్లూమ్స్‌బరీ వేసినప్పుడు గట్టి అట్ట కాపీలు వేసింది 500. మన మొదటి పుస్తకాలకి వేసే సంఖ్యే. కానీ వాటిల్లో ఎక్కువ భాగం లైబ్రరీలు తీసుకున్నాయి, ఖర్చు పబ్లిషరే పెట్టాడు, ఆమెకి అడ్వాన్సు ముట్టింది. అలా కొనే లైబ్రరీ మన పబ్లిషర్‌కి లేదు. ఆ కోపం ప్రభుత్వం మీద పెట్టుకోవాల్సిందే, నేనూ పెట్టుకుంటాను.

అయితే ఆ కష్టం ఎంత నిజమైనా కాగితం రాయకపోవడానికి కారణం కాలేదు. కాగితం రాయడానికి లైబ్రరీ సెస్సు రానక్కర్లేదు. "మా దగ్గర డబ్బు లేదు, ఖర్చు మీరు పెట్టాలి, మేం చేసేది ఇదీ, దానికి మా రుసుము ఇదీ" అని రాసిస్తే అది నిక్కచ్చి వ్యాపారం. రచయిత దాన్ని ఇంకో ఇద్దరి రేట్లతో పోల్చుకుని నిర్ణయం తీసుకుంటాడు. "సాహిత్యం వ్యాపారం కాదు" అని మొదలుపెట్టి, గూగుల్‌పే నంబరు పంపడం దగ్గర ఆగే సంభాషణ మాత్రం నిక్కచ్చిది కాదు. ఛాయ, ఆన్వీక్షికి లాంటి సంస్థలు వచ్చాక కొత్తవాళ్ల పుస్తకాలు చూడముచ్చటగా వస్తున్నాయి, కొత్త పాఠకులు వస్తున్నారు. ఇంత మార్పు అట్టల్లో, కాగితం నాణ్యతలో సాధ్యమైనప్పుడు షరతుల్లో ఎందుకు సాధ్యం కాదు?

ఇంకో వాదన ఉంది, ఇది పైకి వినపడదు గానీ అన్నిటికంటే బలమైనది. "కొత్తవాడికి అప్పుడే ఇంత పట్టుదలా?" అన్నది. కొత్తవాడు వినయంగా ఉండాలి, వేస్తామన్నందుకు చేతులు జోడించాలి. ఈ వినయం వల్ల అందరికంటే నష్టపోయేది పాఠకుడు. ఎలాగంటారా? డబ్బు రచయితది అయినప్పుడు "ఈ పదకొండు కథల్లో నాలుగు తీసెయ్యి, ఈ రెండు తిరగరాయి" అని చెప్పాల్సిన అవసరం పబ్లిషర్‌కి ఉండదు. అమ్ముడుపోకపోయినా ఆయన జేబు కదలదు కదా. వారపత్రికల రోజుల్లో రాజకీయాలు ఎన్నున్నా, సీరియల్ నచ్చకపోతే సంపాదకుడు ఆపేసేవాడు, ఎందుకంటే పత్రిక అమ్మకం ఆయన మెడకి చుట్టుకునేది. ఇప్పుడు ఆ భయం ఎవరికీ లేదు. సమీక్షకి నా దగ్గరకొచ్చే మొదటి సంపుటాల్లో నాకు మాటిమాటికీ కనపడేది ప్రతిభ లేకపోవడం కాదు, రెండో కన్ను పడకపోవడం. పన్నెండు కథల పుస్తకంలో అయిదు గట్టివుంటాయి, మిగతా ఏడూ ఆ అయిదింటినీ ముంచుతాయి. ఆ మాట రచయితకి పుస్తకం రాకముందు చెప్పాల్సిన మనిషి పబ్లిషర్. పుస్తకం వచ్చాక నేను చెప్తే అది చెడ్డపేరు మాత్రమే.

మరి ఆ ఒక్క పేజీలో ఏం ఉండాలి? లాయర్ అక్కర్లేదు, తెలుగులోనే రాసుకోవచ్చు. పుస్తకం పేరు. ఇచ్చే హక్కు ఏది: తెలుగు అచ్చు పుస్తకం ఒక్కటేనా, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా కూడానా? ఇవ్వనివి రచయితవే అని ఒక వాక్యం. ఎన్నేళ్లకి. ఏ నెలలోపు పుస్తకం రావాలి, రాకపోతే ఏంటి. ఎన్ని కాపీలు, రచయితకి ఎన్ని. ఖర్చు ఎవరిది, రచయితది అయితే దేనికెంత, రసీదుతో. రాయల్టీ ఎంత శాతం, లెక్క ఏడాదికి ఏ నెలలో చెప్తారు. రాతప్రతి ఎవరు ఎడిట్ చేస్తారు, ఎన్ని ప్రూఫులు, రచయిత ఒప్పుకోకుండా మాట మార్చకూడదన్న షరతు. చివరిగా ఒకటి: 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా సహా ఇంకో మూడు గ్రంథాలయాలకి తలా ఒక కాపీ పబ్లిషర్ తన ఖర్చుతో పంపాలి. పంపామని రాసివ్వమనండి. అడగ్గానే ఎవరు పబ్లిషరో, ఎవరు ప్రింటింగ్ ఏజెంటో తేలిపోతుంది.

ఇదంతా కొత్తవాడు ఒక్కడే అడిగితే జరిగేది కాదు. ఒక్కడు అడిగితే ఇంకొకణ్ని పిలుస్తారు, అడగనివాళ్లు కావలసినంతమంది ఉన్నారు. అందుకే ఇందులో పెద్ద రచయితల బాధ్యత ఎక్కువ. ముందుమాట రాయమని వచ్చినప్పుడు "అగ్రిమెంటు రాసుకున్నావా అబ్బాయ్?" అని ఒక్క మాట అడగండి. లేదంటే అది వచ్చాకే రాస్తానని చెప్పండి. ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకునే ముందు, ఆ శాలువా ఎవరి డబ్బుతో కొన్నారో అడగండి. మీ మొహమాటం ఖరీదు వాళ్లు కడుతున్నారు.

సమీక్షకులుగా మనమూ ఒకటి చెయ్యొచ్చు. పుస్తకం ధర, పేజీలు, దొరికే చోటు రాస్తాం కదా, ఆ పక్కనే ఇంకో లైను చేర్చాలి: ఖర్చు ఎవరిది, రచయితదా, ప్రచురణకర్తదా అని. సొంత ఖర్చు అని రాస్తే పుస్తకానికి తక్కువేమీ కాదు, వీరేశలింగానికి కాలేదు. ఇకనుంచి నా సమీక్షల్లో రచయిత ఒప్పుకుంటే ఆ లైను ఉంటుంది. పబ్లిషర్ జవాబివ్వకపోతే, ఇవ్వలేదని ఉంటుంది.

మాస్టారు రెండో పుస్తకం రాస్తున్నారు. ఈసారి నవల, లంకల్లో వరదల మీద. ఎవరికిస్తారో ఇంకా తేల్చుకోలేదు. ఆ ఒక్క పేజీ మాత్రం ముందే రాసి, రెండు కాపీలు ప్రింటు తీసి పెట్టుకున్నారు. సంతకాల కోసం కింద చోటు వదిలారు.